మోకాలి నొప్పికీ పాదం పుండుకీ ఒకే లేజరా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అత్తగారికి 64 ఏళ్లు. రెండు మోకాళ్లూ నొప్పి. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిపోయిందన్నారు. మెట్లు ఎక్కలేరు, కింద కూర్చుంటే లేవలేరు. మా దగ్గర ఉన్న ఒక ఫిజియోథెరపీ సెంటర్లో లేజర్ పెడితే గుజ్జు మళ్లీ వస్తుంది, ఆపరేషన్ అక్కర్లేదు అంటున్నారు. 15 సిట్టింగులకు ముందే డబ్బు కడితే తగ్గిస్తారట. మావారు దండగ అంటారు, అత్తయ్యేమో ఆశగా ఉన్నారు. ఆవిడకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కుడి బొటనవేలి కింద చిన్న పుండు నెల రోజులుగా మానలేదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోవడం లేదు. ఆ లేజర్‌తోనే అదీ మానుతుందన్నారు. డబ్బు కట్టమంటారా?
- ఒక కోడలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో రాసిన పుండు గురించే ముందు చెబుతాను. మోకాలి నొప్పి ఇంకో నెల ఆగినా కొంప మునగదు, పుండు మాత్రం ఆగదు. షుగర్ ఉన్న మనిషికి అరికాల్లో పుండు పడి నెల దాటినా నొప్పి తెలియడం లేదంటే ఆ పాదంలో స్పర్శ తగ్గిపోయిందన్నమాట. అందుకే నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. రేపో ఎల్లుండో ఆవిణ్ణి షుగర్ పాదాలు చూసే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. దగ్గర్లో అలాంటివారు లేకపోతే ప్రభుత్వాసుపత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లండి. పాదంలో నాడి అందుతోందో లేదో చూస్తారు, అనుమానముంటే రక్తం ఎలా పారుతోందో తెలిపే డాప్లర్ పరీక్ష చేయిస్తారు. ఎముకదాకా ఇన్‌ఫెక్షన్ పాకిందేమోనని ఎక్స్‌రే తీయిస్తారు. పుండు చుట్టూ కాయ కాసిన చర్మాన్ని, చచ్చిన కండను తీసేసి కట్టు కడతారు.

ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైంది, మన ఇళ్లలో ఎవరూ పాటించనిది ఒకటుంది. ఆ చోట ఒంటి బరువు పడకూడదు. దానికోసం ప్రత్యేకమైన కట్టు వేస్తారు, లేదంటే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగున్న చెప్పులు రాసిస్తారు. ఆ చెప్పులు వంటింట్లోనూ విప్పకూడదు. మధ్యాహ్నం ఎండలో గుడి రాళ్ల మీద ఉత్తకాళ్లతో ప్రదక్షిణాలు కొన్నాళ్లు మానాలి. స్పర్శ లేని పాదం బొబ్బలెక్కినా తెలియదు. పుండు మీద పసుపు, కాఫీ పొడి వేయకండి, వేడినీళ్ల కాపడం అసలే వద్దు. చుట్టూ ఎరుపు పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం తగిలినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

మరి లేజర్ పుండును మాన్పుతుందన్నది అబద్ధమా? పూర్తిగా అబద్ధమైతే కాదు. ఈ చికిత్స పుట్టిందే గాయాలు మానడం దగ్గర. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించారు. కొన్నేళ్లకు బోస్టన్‌లో ఒక వైద్యుడు రూబీ లేజర్‌తో ఎలుకల్లో కణుతులను కరిగించారు. బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే సర్జన్ తనూ అదే చేయబోయారు. కానీ ఆయన దగ్గరున్న లేజర్ చాలా బలహీనమైనది. కణుతులు కరగలేదు. అయితే లేజర్ వేయడానికి వెంట్రుకలు గొరిగిన చోట, వేయని ఎలుకలకన్నా త్వరగా వెంట్రుకలు మొలిచాయి. ఇది 1967 నాటి మాట. కణాన్ని కాల్చలేని బలహీనమైన వెలుగు కణాన్ని పనిలో పెడుతోందని ఆయన గ్రహించారు. ఆ తర్వాత ఎంతకీ మానని కాలి పుళ్ల మీద దాన్ని వాడి చూశారు. కంటి ఆపరేషన్లలో, మూత్రపిండాల్లో రాళ్లు పగలగొట్టడంలో వాడే లేజర్లు వేరు. అవి కోస్తాయి, కాలుస్తాయి, పగలగొడతాయి. మీ సెంటరువాళ్లు చెబుతున్నది ఈ మెస్టర్ వంశానికి చెందిన లేజర్.

ఇది లోపల చేసే పని గురించి ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునే వివరణ ఇలా ఉంటుంది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియాలుంటాయి. కణానికి కావలసిన శక్తి, అంటే ఏటీపీ, అక్కడ తయారవుతుంది. ఆ తయారీలో చివరి మెట్టు దగ్గర సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎరుపు వెలుగునూ, కంటికి కనిపించని పరారుణ వెలుగునూ అది పీల్చుకుంటుంది. దెబ్బతిన్న, వాచిన కణాల్లో ఈ ఎంజైమ్‌ను నైట్రిక్ ఆక్సైడ్ పట్టుకుని పని మందగించేలా చేస్తుంది. వెలుగు తగిలితే ఆ పట్టు వదులుతుంది. ఏటీపీ తయారీ పెరుగుతుంది, విడుదలైన నైట్రిక్ ఆక్సైడ్ చుట్టుపక్కల రక్తనాళాలను కాస్త వెడల్పు చేస్తుంది. గాయంలోనైతే కొల్లాజెన్ అల్లే కణాలు చురుకవుతాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. కీలులోనైతే వాపును రగిల్చే ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు తగ్గుతాయి. మోతాదు కాస్త పెంచితే నొప్పిని మోసే సన్నటి నరాల వేగం కొంతసేపు మందగిస్తుంది. అందుకే కొందరికి బల్ల దిగగానే తేలిగ్గా అనిపిస్తుంది.

ఇంత మంచి సంగతి ఉండి కూడా, షుగర్ పాదం పుండుకు మొదటి చికిత్స లేజరే అని చెప్పే ప్రామాణిక మార్గదర్శకం ఏదీ లేదు. పాదానికి రక్తం అందకపోతే, ఎముకలో చీము ఉంటే, ప్రతి అడుగులోనూ ఆ పుండు నలుగుతుంటే ఏ వెలుగూ దాన్ని మాన్పలేదు. అవన్నీ సరిచేసి, సర్జన్ సరేనన్నాక, కట్టు మార్చే రోజుల్లో పక్క సాయంగా పెట్టించుకోవచ్చు. ముందే లేజర్ బల్ల ఎక్కించి మూడు వారాలు పోగొడితే ఆ మూడు వారాలకు కాలి వేలే మూల్యం కావచ్చు. నా బాధంతా అందుకే.

ఇక మోకాళ్ల సంగతి. గుజ్జు మళ్లీ పుడుతుందన్న మాట నమ్మకండి. అరిగిన మృదులాస్థిని మనిషి మోకాల్లో లేజర్ తిరిగి మొలిపించదు. 15 సిట్టింగులయ్యాక ఎక్స్‌రే తీస్తే అదే ఎక్స్‌రే కనిపిస్తుంది. ఆ మాట చెప్పి డబ్బు అడిగే చోట మిగతా మాటలు కూడా జాగ్రత్తగా వినాలి. అయితే నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పుట్టడం వేరు. ఎక్స్‌రేలో అరుగుదల అలాగే ఉన్నా, కీలు లోపలి వాపు తగ్గితే మనిషికి నొప్పి తగ్గుతుంది, నడక మెరుగవుతుంది. ఆ మేలు లేజర్‌తో దొరకొచ్చు. మీవారు అన్నట్టు అంతా దండగ కాదు.

సాక్ష్యం ఎంత బలమైనదో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో పరిశోధకులే రెండు పక్షాలుగా ఉన్నారు. మెడనొప్పికి లేజర్ పనిచేస్తుందా అని 16 పరీక్షలను, 820 మంది రోగుల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దీర్ఘకాలిక మెడనొప్పి నూటికి దాదాపు 20 పాయింట్లు తగ్గిందనీ, చికిత్స ఆపాక కూడా ఆ ఫలితం కొన్నాళ్లు నిలిచిందనీ తేలింది. మోకాలి అరుగుదల విషయంలో 2015లో వచ్చిన విశ్లేషణ లాభం కనబడలేదంది. 2019లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చినది 22 పరీక్షలను కలిపి, వాటిని మోతాదునుబట్టి విడదీసి చూసింది. అప్పుడు అసలు విషయం బయటపడింది. సరైన మోతాదు ఇచ్చిన పరీక్షల్లో నొప్పి బాగా తగ్గింది, చికిత్స ముగిశాక కొన్ని వారాలకు ఇంకా తగ్గింది. మోతాదు సరిపోని పరీక్షల్లో, ఉత్తుత్తి లేజర్ పెట్టినవారికీ అసలు లేజర్ పెట్టినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు రకాలనూ ఒకే రాశిలో పోసి సగటు తీస్తే లేజర్ పనికిరానిదిగా కనిపించడంలో వింతలేదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. లేజర్‌ను మెషీన్‌గా కాక మందుగా చూడండి. మందు చీటీ మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉన్నట్టే, దీనికీ మోతాదు రాసి ఉండాలి. నారుమడికి నీళ్లు చాలకపోతే ఎండుతుంది, ఎక్కువైతే కుళ్లుతుంది. వెలుగు కూడా కణం మీద అలాగే పనిచేస్తుంది. తక్కువైతే ఏమీ జరగదు, మరీ ఎక్కువైతే వచ్చిన మేలు కూడా పోతుంది.

ఆ మోతాదును జౌల్స్‌లో లెక్కిస్తారు. లెక్క చాలా సులువు, మీరే వేసుకోవచ్చు. లేజర్ శక్తి ఎన్ని వాట్లో దాన్ని ఎన్ని సెకన్లు పెట్టారో దాంతో గుణిస్తే జౌల్స్ వస్తాయి. 100 మిల్లీవాట్ల లేజర్‌ను ఒక చోట 60 సెకన్లు పెడితే 6 జౌల్స్. ఆ 2019 విశ్లేషణ ప్రకారం మోకాలికి పనిచేసిన మోతాదు, 785 నుంచి 860 నానోమీటర్ల (ఇది వెలుగు తరంగం పొడవు) లేజర్‌తోనైతే ఒక్కో బిందువుకు 4 నుంచి 8 జౌల్స్, 904 నానోమీటర్ల లేజర్‌తోనైతే 1 నుంచి 3 జౌల్స్. మోకాలి చుట్టూ, ముఖ్యంగా లోపలివైపు నొక్కితే నొప్పి పుట్టే కీలు గీత పొడవునా, ఇలాంటి బిందువులు చాలా పెట్టాలి. ఒకే చోట అర నిమిషం ఆనించి అయిపోయిందని పంపేస్తే మోకాలికి అందాల్సింది అందలేదన్నమాటే.

కాబట్టి డబ్బు కట్టేముందు అక్కడి ఫిజియోథెరపిస్టును నెమ్మదిగా అడగండి: ఇది ఎన్ని నానోమీటర్ల లేజర్, ఎన్ని మిల్లీవాట్లు, ఒక్కో బిందువుకు ఎన్ని జౌల్స్, ఎన్ని బిందువులు? పని తెలిసినవారు చిరాకు పడరు, పైగా సంతోషించి కాగితం మీద రాసిస్తారు. "మెషీన్లో మోకాలి ప్రోగ్రాం ఉంటుందండీ, బటన్ నొక్కితే అదే చేసుకుంటుంది" అన్నారంటే ఆ సెంటరు వదిలేయండి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. చికిత్సలో వాడే అర వాటు లోపు లేజర్లను చాలావరకు క్లాస్ 3బి అంటారు. వీటితో చర్మానికి వేడి దాదాపు తెలియదు. అంతకు మించినవి క్లాస్ 4, వీటిలో 10 వాట్లు, అంతకన్నా ఎక్కువ ఇచ్చేవీ ఉన్నాయి. ఇవి వెచ్చగా, హాయిగా ఉంటాయి, పని త్వరగా అయిపోతుంది. కానీ చేతిని ఆడిస్తూనే ఉండాలి, ఆపితే చర్మం కాలుతుంది. మన చామనఛాయ, నలుపు ఒంటిరంగుల్లో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి వేడినీ ఎక్కువ పీల్చుకుంటాయి. స్పర్శ తగ్గిన షుగర్ పాదం మీద ఆ క్లాస్ 4 లేజర్ పెట్టనివ్వకండి. కాలుతున్నా అత్తయ్య చెప్పలేరు. వేడి తెలిస్తే చెప్పండి అంటారు, ఆవిడకు ఆ తెలిసే గుణమే పోయింది కదా.

కళ్లకు అద్దాలు తప్పనిసరి, పెట్టేవారికీ పెట్టించుకునేవారికీ. మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు. ఆ లేజర్ తరంగానికి తగినవే ఉండాలి. మెషీన్ కొసన కనిపించే ఎర్రటి చుక్క చాలాసార్లు గురి చూపడానికి మాత్రమే. అసలు చికిత్స చేసే పరారుణ కిరణం కంటికి కనిపించదు, కనిపించదు కాబట్టి కన్ను రెప్ప వేసి తప్పించుకోలేదు. అత్తయ్య తోడుగా మనవలు వస్తే గది బయటే కూర్చోబెట్టండి.

వెలుగు గుడ్డలోంచి సరిగా పోదు. మొహమాటపడి చీర మీదనుంచే పెట్టించుకునే పెద్దవాళ్లున్నారు. అలా పెడితే చికిత్స చీరకే. మోకాలు పైదాకా చర్మం కనిపించాలి. తెర వేయించమనండి, ఆడమనిషి ఉంటే ఆమెనే పెట్టమనండి, అది అడగడంలో తప్పేమీ లేదు. వచ్చేముందు రాసుకున్న నొప్పి బామ్, నువ్వుల నూనె శుభ్రంగా తుడిచేయాలి.

క్యాన్సర్ కణితి ఉన్న చోట, గర్భిణుల పొట్ట, నడుము మీద, గొంతు దగ్గర థైరాయిడ్ మీద ఈ లేజర్ పెట్టకూడదు. ఎండ తగిలితే ఒళ్లు కందే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

క్యాన్సర్ అన్నాను కాబట్టి, మీ ప్రశ్నకు కాస్త పక్కదే అయినా, ఉత్తరాంధ్రలో ఇది చదివేవారికోసం ఒక మాట. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్లు చాలాకాలంగా చూస్తున్నాం. నోటికి, గొంతుకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు నోరంతా పుళ్లు పడి గుక్కెడు గంజి కూడా దిగదు. కణజాలం మాన్పడంలో ఈ లేజర్‌కు గట్టి సాక్ష్యం ఉన్నది ఇక్కడే. ఈ పుళ్లు రాకుండా దీన్ని వాడమని అంతర్జాతీయ క్యాన్సర్ సంరక్షణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలోనూ 2006లోనే మణిపాల్ వైద్యులు దీని మీద ఫలితాలు ప్రచురించారు. కణితి మీద పడకుండా, క్యాన్సర్ వైద్యుల కనుసన్నల్లోనే ఇది చేయాలి. ఇంట్లో ఎవరికైనా రేడియేషన్ మొదలవబోతుంటే, మొదటి రోజుకు ముందే "నోటి పుళ్లకు లేజర్ ఉందా?" అని అడగండి. పుళ్లు పడ్డాక అడగడం కన్నా అది చాలా మేలు.

మళ్లీ మీ అత్తయ్య మోకాళ్ల దగ్గరికి వద్దాం. లేజర్ పెట్టిన కొన్ని నిమిషాలకన్నా ఆ తర్వాత ఇంట్లో ఏం చేస్తారన్నదే ఎక్కువ తేలుస్తుంది. మోకాలి అరుగుదలకు వ్యాయామం, బరువు తగ్గడం అనే రెండింటినీ అన్ని మార్గదర్శకాలూ ముందు వరసలో పెడతాయి. లేజర్ నొప్పిని కొంత తగ్గించి ఆ వ్యాయామం చేసే వీలు కల్పిస్తుంది. వ్యాయామం నేర్పకుండా లేజర్ మాత్రమే పెట్టి పంపే సెంటరుకు డబ్బు కడితే అప్పుడు మీవారి మాటే నిజమవుతుంది.

అత్తయ్య మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండను బిగించాలి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. తర్వాత కాలు చాపి జానెడెత్తు లేపి నిలపాలి, అదీ అంతే. ఈ రెండిట్లో పాదం మీద బరువు పడదు కాబట్టి పుండు ఉండగానే మొదలుపెట్టవచ్చు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, నడక మాత్రం పుండు మానాక, సర్జన్ సరేనన్నాకే. పీట మీద కూర్చుని కూర తరగడం, కింద కూర్చుని బట్టలుతకడం మానిపించండి. మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ వేయించండి. లేజర్ ఖర్చులో చిన్న వంతుకే వస్తుంది, సుఖం మాత్రం రోజూ ఉంటుంది.

డబ్బు విషయం. 15 సిట్టింగులకు ఒకేసారి కట్టకండి, తగ్గింపు ఎంతైనా సరే. వారానికి రెండు మూడు చొప్పున ఆరింటికి కట్టండి. మొదలుపెట్టే రోజు ఒక నోటుపుస్తకంలో మూడు సంగతులు రాయండి: నొప్పి పదికి ఎంత, కుర్చీలోంచి లేవడం ఎంత కష్టం, రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది. ఆరు అయ్యాక మళ్లీ అవే రాయండి. నొప్పి రెండు పాయింట్లయినా తగ్గి, లేవడం తేలికైతే మిగతావి పూర్తి చేయించండి. తేడా లేకపోతే ఆపేయండి. ఏడోదాంట్లో ఏదో అద్భుతం జరుగుతుందని ఎవరు చెప్పినా వినకండి. నెట్‌లో అమ్మే ఎర్ర లైటు బెల్టులు, టార్చిలు కొనవద్దు. చాలావాటి మీద మోతాదు రాసి ఉండదు.

ఆపరేషన్ తప్పుతుందా అన్నదానికి జవాబు ఎక్స్‌రే ఒక్కదానిలో లేదు. అత్తయ్య రాత్రి నిద్రపోగలుగుతూ, ఇంట్లో తన పనులు తాను చేసుకోగలుగుతూ ఉంటే వ్యాయామంతో, ఈ చికిత్సతో ఏళ్లు నెట్టుకురావచ్చు. కాళ్లు దొడ్డిగా వంగిపోయి, రెండు మూడు నెలలు శ్రద్ధగా చేసినా రాత్రి నొప్పి ఆగకపోతే ఆర్థోపెడిక్ సర్జన్‌ను కలవడం ఓటమి కాదు. కీళ్ల మార్పిడి అనవసరంగా త్వరపడి చేయించుకునేవారూ ఉన్నారు, అనవసరంగా భయపడి పదేళ్లు మూలుగుతూ కూర్చునేవారూ ఉన్నారు. ఏదైనా పాదం పుండు పూర్తిగా మానాకే. ఒంట్లో పుండు ఉండగా కొత్త కీలు పెట్టరు, ఇన్‌ఫెక్షన్ రక్తంలో కలిసి ఆ కీలుకు చేరుతుందని భయం. అందుకే ఎల్లుండిలోపు సర్జన్‌కు చూపించండి. షుగర్ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు, రోజూ తొడిగే చెప్పులు కూడా సంచిలో వేసుకెళ్లండి. పుండు ఎక్కడినుంచి పుట్టిందో ఆ చెప్పు అడుగు చూస్తే సర్జన్‌కు సగం తెలిసిపోతుంది.